నేను ఆపలేకపోయిన క్యాసెట్

బహ్రెయిన్‌లో మొదటి ఏడాది నేను గడ్డం పెంచాను. షోకు కోసం కాదు. ఐదో నెల కడుపుతో ఉన్న భార్యను మా అమ్మ దగ్గర వదిలి వచ్చాను. కాన్పు క్షేమంగా అయిందన్న కబురు వచ్చేదాకా కత్తి ముట్టించనని వేములవాడ రాజన్నకు మొక్కుకున్నాను. మా ఊళ్లో అప్పటికి ఫోను లేదు. ఉత్తరం చేరడానికి ఇరవై రోజులు పట్టేది. అందుకే మా వైపు వాళ్లం మాటలు క్యాసెట్‌లో నింపి, ఊరికి పోయేవాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లం. ఇంట్లో వాళ్లు దాన్ని వాకిట్లో పెట్టుకుని, ఇరుగుపొరుగును పిలుచుకుని వినేవాళ్లు. మా ఊరికి గల్ఫ్ అంతా దుబాయే. దుబాయి నుంచి గొంతు వచ్చిందంటే వాడకట్టంతా పోగయ్యేది.

నెలలు నిండాయి. కబురు లేదు. ఇంకో రెండు నెలలు గడిచాయి. అవాలి వైపు సైటులో సెంట్రింగ్ చెక్కలు కొడుతున్నా నా ధ్యాసంతా ఇంటి మీదే. మా గదిలో పెద్దవాడు ఒకాయన ఉండేవాడు, అందరం అన్నా అనేవాళ్లం.

"మొక్కినవ్ గద తమ్మీ. ఇగ ఆయన మీద ఇడిసిపెట్టు. జర ఓపిక పట్టు" అన్నాడు.

"ఆయనకేంది, గుళ్లె సల్లగ కూసున్నడు. పానం గుంజేది నాకు" అన్నాను. కోపం నాకెప్పుడూ ముక్కు మీదే ఉండేది. దాన్ని పౌరుషం అనుకునేవాణ్ణి.

ఆ శుక్రవారం మనామా వెళ్లి గడ్డం గీయించేసుకున్నాను. రాజన్న మీద అలిగానన్నమాట. తిరిగొచ్చి అన్న టేప్‌రికార్డర్ అడిగి తీసుకుని, గదిలో ఎవరూ లేనప్పుడు భార్యకు క్యాసెట్ నింపాను.

"రెండు ముక్కలు రాయించనీకి నీకు తీరుతలేదా? నేనీడ ఎండల సస్తున్న. మొగడు ఉన్నడో సచ్చిండో నీకు ఫికర్ లేదు. నువ్వు మనిషివేనా?"

ఇంకా అన్నాను. అవి రాయడానికి చేయి రావడం లేదు. పక్క ఊరి మనిషి ఆదివారం బయలుదేరుతుంటే అతని చేతిలో పెట్టాను. పెట్టగానే మనసు తేలికపడింది కూడా. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మంగళవారం సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి మా మండలం మనిషి ఒకడు గది ముందు కూర్చుని ఉన్నాడు. కొత్తగా వచ్చాడు. వీసా కాగితాలు తేలక నెలన్నర బొంబాయిలో పడి ఉన్నాడట. సంచిలోంచి క్యాసెట్ తీసి ఇచ్చాడు. పెట్టి విన్నాను. ముందు పసిబిడ్డ ఏడుపు. తర్వాత నా భార్య గొంతు, బాగా నీరసంగా.

"ఆడివిల్ల పుట్టింది. మూడు దినాలు నొప్పులు పడ్డ. రాజన్న దయ, ఇద్దరం మంచిగున్నం. నువ్వు రంది పడకు. యాళ్లకు తిను."

నెలన్నర కిందటి మాటలవి. నేను దేవుడితో పోట్లాడేనాటికే ఆయన నేను అడిగింది ఇచ్చేశాడు. అన్న టేపు వెనక్కి తిప్పి పాప ఏడుపు మళ్లీ పెట్టాడు. తిడితే బాగుండేది.

ఆ క్యాసెట్ వినొద్దని అప్పటికప్పుడు ఇంటికి ఉత్తరం రాశాను. ఎంత తెలివి! ఉత్తరం ఇరవై రోజులకు చేరుతుంది, క్యాసెట్ ఆపాటికే ఊళ్లో ఉంటుంది. ఎదురుచూడడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. మునుపు కబురు తొందరగా రావాలని మొక్కేవాణ్ణి. ఇప్పుడు వచ్చేది ఏదైనా సరే, భరించే శక్తి ఇవ్వమని మాత్రం అడిగాను. దేవుణ్ణి తొందరపెట్టే మొహం నాకు లేదు. పొద్దున్నే స్నానం చేసి, దండం పెట్టుకుని పనికి పోయేవాణ్ణి. ఓపిక నాకు అలా, వేరే దారి లేక వచ్చింది.

రెండు నెలలకు ఆమె రాయించిన ఉత్తరం వచ్చింది. పాప నవ్వుతోందని, అమ్మ బాగుందని. క్యాసెట్ ఊసే లేదు.

రెండేళ్లకు సెలవు మీద వెళ్లాను. పాప నన్ను చూసి తల్లి వెనక దాక్కుంది. నాలుగో రోజు, ఇంట్లో ఎవరూ లేని వేళ, భార్య బియ్యం చెరుగుతుంటే ఎదురుగా కూర్చుని అడిగాను, ఆ క్యాసెట్ విన్నావా అని.

ఆమె చేట ఆపలేదు.

"అందరు కూసున్నంక పెట్టిన్రు. నడుమ లేసి పోదామనుకున్న. పోరి ఒళ్లె పాలు తాగుతుండె, లేవరాలే. ఆఖరుదాక ఇన్న."