బీమా డాక్టరుగారి ఇజ్జత్

మా నాయన ఖమ్మంలో ఒక జిన్నింగ్ మిల్లులో పనిచేసేవాడు. జీతంలోంచి నెలనెలా బీమాకని కొంత కోసేవారు. ఆ కోతను ఏళ్ళ తరబడి తిట్టిన మనిషి, పంతొమ్మిది వందల ఎనభైల్లో ఒకనాడు దగ్గులో నెత్తురు పడగానే బీమా కార్డు తీసి దేవుడి పటం వెనక భద్రంగా పెట్టుకున్నాడు. పత్తి దుమ్ము వల్ల దగ్గు అనుకున్నాం. టీబీ అని తేలింది.

మందులు ఉచితం. పనికి పోని రోజులకు సగం జీతం కూడా ఇస్తారు. కాకపోతే రెండూ బీమా డాక్టరు సంతకం పెడితేనే. టౌనులో ఆ సంతకం పెట్టే డాక్టరు ఒక్కరే ఉన్నారు. ఆయన లేకపోతే వరంగల్ పోవాలి. రోజు విడిచి రోజు సూది వేయించుకోవాల్సిన మనిషి, వీధి చివరి దాకా నడిస్తేనే గోడ పట్టుకుని నిలబడే మనిషి, వరంగల్ ఏం పోతాడు?

నేను ఏడో తరగతితో చదువు ఆపేసి ఇంట్లో ఉన్నాను కాబట్టి నాయనను దవాఖానాకు తీసుకుపోవడం నా పని. దాచడమెందుకు, నాకు అక్కడ మంచి కాలక్షేపం. బెంచీ మీద కాసేపు కూర్చుంటే టౌను సంగతులన్నీ వాటంతట అవే చెవిలో పడేవి.

డాక్టరుగారిది చిన్న చదువు కాదు. హైదరాబాద్‌లో డాక్టరీ చదివి, ఆ పైన ఊపిరితిత్తుల జబ్బుల మీదే మళ్ళీ చదివారు. ఆ పట్టాలకు అద్దాలు కట్టించి లోపలి గదిలో పెట్టుకున్నారు. బయట వేలాడేది మాత్రం బీమా ఆఫీసు వాళ్ళ నీలం రేకు బోర్డు. ఆ బోర్డే ఆయన కొంప ముంచింది. ఎందుకంటే మా వాడలో లెక్క ఒకటే: పైసలు తీసుకోని డాక్టరుకు చదువు తక్కువ.

ఎదుటి వరుసలో ఇంకొకాయన ఉండేవాడు. ఆయనకు పట్టా లేదు, గిట్టా లేదు. ఎవరి దగ్గరో ఉండి సూదులు వేయడం నేర్చుకున్నాడట. వచ్చినవాళ్ళందరికీ గ్లూకోజు సీసా వేలాడదీసి దండిగా వసూలు చేసేవాడు. నేలకొండపల్లి వైపు నుంచి కూడా ఆయన కోసం బండ్లు కట్టుకుని వచ్చేవారు. మిల్లు వాళ్ళే సంతకం కోసం మా డాక్టరు దగ్గరికి, జబ్బు తగ్గడం కోసం గ్లూకోజాయన దగ్గరికి పోయేవారు.

ఒకరోజు సూది వేశాక డాక్టరుగారు నాయనతో అన్నారు. ఆయనది కోస్తా మాట.

"చూడవయ్యా, వచ్చే నెల నుంచి ఈ బీమా పని మానుకుంటున్నాను. ఇంకెక్కడైనా చూసుకో."

"ఎందుకు సారూ?"

"మీరు కూర్చున్న బెంచీ మీద డబ్బిచ్చేవాళ్ళు కూర్చోవడం లేదు. నేనూ బతకాలి కదా."

నాయన ఇంటికొచ్చి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. సంగతి నేను చెప్తే అమ్మ పొయ్యి ముందు నుంచి లేచింది.

"పైసల కోసం కాదే బిడ్డా. సారుకు ఈడ ఇజ్జత్ లేదు. ఇజ్జత్ లేని కాడ ఎవలుంటరు?"

"అవ్, నిజమే" అంది పక్కింటి అత్త. "ఉత్తగ చూస్తడు, ఉత్తగ చూస్తడు అని మనమే గద ఊరంత చెప్పుకున్నం. గ్లూకోజు సారును ఎవలన్న గట్లంటున్నరా?"

ఇజ్జత్ ఎలా పెంచాలో మాకు తోచేలోపే బీమా ఆఫీసు నుంచి తనిఖీకి ఒక పెద్దసారు దిగాడు. పట్టాలు చూశాడు, మందుల అలమారా తీయించాడు. తర్వాత బయటికొచ్చి బెంచీ దగ్గర నిలబడ్డాడు. ఆ రోజు అమ్మ, అత్త కూడా మాతో వచ్చారు.

"డాక్టరుగారు మీ దగ్గర ఏమైనా తీసుకుంటారా అమ్మా?"

అమ్మ కొంగు సర్దుకుంది. "ఎందుకు తీస్కోరు సారూ! పెద్ద నోటు లేంది మా సారు నాడి గూడ వట్టరు."

"ఊకె చూసేటోడనుకున్నరా?" అత్త అందుకుంది. "గంత చదువు చదివింది గందుకేనా? ఎదుటాయన కంటె డబల్!"

నాయన ఏదో అనబోతే దగ్గు తెర వచ్చింది. నేను ఊరుకోవచ్చు కదా. "ఇచ్చినా జల్దీ చూడరు సార్, మస్తు గిరాకీ" అన్నాను. పెద్దసారు తలూపుతూ అన్నీ రాసుకున్నాడు. మా డాక్టరుగారికి ఎంత మేలు చేశామో అనుకుంటూ ఇంటికొచ్చాం.

బీమా డాక్టరు కార్డున్నవాళ్ళ దగ్గర పైసా ముట్టకూడదని మాకేం తెలుసు? వారం తిరిగేసరికి ఆయన మీద విచారణ వేశారు. అది తేలేదాకా రాజీనామా ఒప్పుకోరట. కార్డుతో వచ్చినవాళ్ళను చూడటం మానడానికీ వీల్లేదట. డాక్టరుగారు అమ్మను లోపలికి పిలిపించారు. నేనూ వెనకే దూరాను.

"నేను నీ దగ్గర ఎప్పుడైనా రూపాయి తీసుకున్నానా తల్లీ?"

"లేదు సారూ. మీ ఇజ్జత్ కోసమని చెప్పినం."

"నా ఇజ్జతు సంగతి నేను చూసుకుంటాను. ఆఫీసుకి పోయి నిజం చెప్పు."

"చెప్తె మీ మీద కేసు పోతదా?"

"పోతుంది."

"పోతె మీరు ఈ పని ఇడిసి పెడ్తరా?"

ఆయన బల్ల మీది కార్డులు సర్దసాగారు. అమ్మ నెమ్మదిగా లేచింది. "అట్లయితె ఇప్పుడు చెప్పను సారూ. మా ఆయన సూదులు అయిపోనియ్యి. పనికి పోవచ్చని మీరు సంతకం పెట్టినంక, నేనే పోయి చెప్తా."

ఆయన తల పట్టుకున్నారు. తర్వాత ఎందుకో నవ్వారు. నవ్వి, నాయనను రమ్మని సూది వేశారు.

ఇక్కడో విచిత్రం. బీమా వాళ్ళ దగ్గర కూడా గుంజుతున్నాడట అన్న మాట వాడలు దాటింది. అంత గుంజుతున్నాడంటే మాటలా అనుకుని, గ్లూకోజాయన దగ్గరికి పోయే బండ్లు కొన్ని ఇటు తిరిగాయి. మోతుబరి రైతులు మా బెంచీ మీద మమ్మల్ని జరగమని కూర్చునేవారు. భద్రాచలం వైపు నుంచి కూడా మనుషులొచ్చారు. వాళ్ళ దగ్గర డాక్టరుగారు ఫీజు మామూలుగానే తీసుకునేవారు. ఇంత తక్కువేమిటని వాళ్ళు కొంచెం దిగులు పడేవారు.

విచారణ కాగితాలు వరంగల్‌కూ హైదరాబాద్‌కూ తిరుగుతూనే ఉన్నాయి. ఈలోగా నాయన గోడ పట్టుకోకుండా వీధి చివరి దాకా పోయి రాగలిగాడు. చివరి ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి, పనికి పోవచ్చని డాక్టరుగారు సంతకం పెట్టారు. మిల్లులో మళ్ళీ చేర్చుకున్నారు.

అమ్మ మాట తప్పే మనిషి కాదు. ఆ మరునాడే నన్ను తోడు తీసుకుని వరంగల్ బస్సెక్కింది. బీమా ఆఫీసులో అదే పెద్దసారు ముందు నిలబడి, మా డాక్టరు రూపాయి ముట్టలేదని, తామే ఆయన గొప్ప కోసం అబద్ధం చెప్పామని, దేవుడి మీద ఒట్టేసి చెప్పింది.

ఆయన అంతా విన్నాడు. కలం మూత తీశాడు.

"ఇలా చెప్పమని డాక్టరు నీకెంతిచ్చాడమ్మా?"

అమ్మ నా వంక చూసింది. నేను అమ్మ వంక చూశాను. పెద్దసారు రాయడం మొదలుపెట్టాడు.

తెల్లారి పోయి డాక్టరుగారికి ఈ సంగతి నేనే చెప్పాను. అమ్మకు మొహం చెల్లలేదు. ఆయన బల్ల మీది బీమా కార్డుల్లోంచి పైదాన్ని తీసి, తర్వాతి మనిషిని లోపలికి పిలిచారు.