ఒక్క కుండ నీళ్లు

దయ్యాల కథలు చెప్పేవాళ్లను నేను మా అంగట్లో ఎక్కువసేపు కూర్చోనివ్వను. రాయదుర్గంలో జీన్స్ కుట్టేవాళ్లకు దారాలు, జిప్పులు, గుండీలు అమ్ముతాను. సరుకులో తేడా వస్తే దానికి కారణం ఉంటుంది, కారకుడూ ఉంటాడు. ఆ కారకుడిని పట్టుకుని అడగకుండా నేను ఎప్పుడూ వదల్లేదు. ఈ ఒక్క విషయంలో ఎవరిని అడగాలో తెలియక రాస్తున్నాను.

నా భార్య సుశీలకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు అనంతపురం తీసుకెళ్లి డయాలసిస్ చేయించాలి. ఒకసారి తప్పితే కాళ్లు వాచిపోతాయి, ఆయాసంతో పడుకోలేదు. బస్సులో అంతసేపు కూర్చోలేదు. అందుకే మా బామ్మర్ది ప్రకాశ్ వాడిన కారు కొన్నాను. బండి బంగారం బావా అని చెప్పి అమ్మాడు. ఆ మాట నేను మరిచిపోలేదు.

పోయిన ఎండాకాలంలో, కళ్యాణదుర్గం దాటాక ఎత్తుకెక్కే ఒక ఎగుడు మీద బండి మొదటిసారి వేడెక్కింది. దానికి కారణం దొరికింది. రేడియేటర్ గొట్టం బిగింపు వదులై నీళ్లన్నీ కారిపోయాయి. బిగించాను. కానీ మళ్లీ పోయడానికి నీళ్లు లేవు.

రోడ్డు పక్కనే చలివేంద్రం ఉంది. ఈతాకుల పందిరి కింద, ఇసుక మీద ఒక పెద్ద కుండ. నరసమ్మ అనే ముసలామె బాటసారులకు చెంబుతో ముంచి పోస్తోంది. ఆ కుండ మా వీధి వర్తకులం ఇచ్చిందే. బండికి నీళ్లు కావాలన్నాను.

"ఇవి తాగే నీళ్లు సామీ. మనిషికైతే ఎన్ని చెంబులైనా పోస్తా. బండికి పొయ్యను."

"ఆ కుండ ఇచ్చింది మేమే."

"కుండ మీదే. నీళ్లు నేను మోసిండేవి."

అక్కడ నీళ్లు తాగుతున్న లారీ డ్రైవర్లు నవ్వారు. "శెట్టికి ఈ పొద్దు భలే బేరం తగిలిందప్పా" అన్నాడు ఒకడు. వాడి మొహం కూడా నాకు గుర్తుంది.

కారులో సుశీల ఆయాసపడుతోంది. నేను ఇంక వాదించలేదు. కుండ ఎత్తి తెచ్చి రేడియేటర్‌లో వంచాను. సగం నేలపాలైంది. నరసమ్మ అడ్డు రాలేదు. ఖాళీ కుండ చూసి, "సాయంత్రం లోపల నింపిపో సామీ, జనం వస్తాంటారు" అంది. నింపుతాలే అన్నాను. నా స్థానంలో ఎవరున్నా అదే చేసేవారు.

ఆ రోజు సుశీలకు బీపీ పడిపోయి ఆసుపత్రిలోనే ఉంచారు. మేము తిరిగి వచ్చేసరికి పందిరి కింద ఎవరూ లేరు. నరసమ్మ ఆ రోజే ఎండదెబ్బకు పోయిందని కళ్యాణదుర్గంలో టీ అంగడి ఆయన చెప్పాడు. ఆ వయసులో ఎవరు పోయినా మా ఎండల్లో అలాగే అంటారు.

అప్పటి నుంచి మొదలైంది. ఊళ్లో ఎంత తిప్పినా బండికి ఏమీ కాదు. బళ్లారి వెళ్లి వచ్చినా ఏమీ కాదు. ఆ ఎగుడు దగ్గర మాత్రం వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాకా ఎక్కుతుంది. ఆపి, చల్లారాక మూత తీస్తే రేడియేటర్‌లో నీళ్లు ఉండవు.

మా మెకానిక్ మస్తాన్ థర్మోస్టాట్ మార్చాడు. ఫ్యాను చూశాడు, వాటర్ పంపు విప్పాడు, రేడియేటర్ కడిగించి గాలి ఎక్కించి చూశాడు. ఎక్కడా కారడం లేదు. ఇంజన్ లోపలికి నీళ్లు దిగుతుంటే పొగ తెల్లగా రావాలి, ఆయిల్ పాల రంగుకు తిరగాలి. అదీ లేదు.

"బండిలో ఏం ల్యా సార్."

"ఏం లేకపోతే నీళ్లు యాడికి పోతాండాయి?"

"అదే నాకూ తెలీడం ల్యా."

ఒకసారి ఆ ఎగుడు మీదే చాలాసేపు నిలిచిపోయాం. ఆసుపత్రికి చేరేసరికి సుశీల పెదవులు నీలంగా మారాయి. ఆ తర్వాత ఆమె కారెక్కడానికే భయపడింది. ఇంట్లోనే ఉండి ఏమైతే అదయితుంది అంది. బతిమాలితే ఒక్కోసారి ఎక్కేది, ఒక్కోసారి ఎక్కేది కాదు.

ఇంత జరుగుతుంటే, బంధువుల ఇంట్లో భోజనాల దగ్గర ప్రకాశ్ అందరి ముందూ ఏమన్నాడంటే, "రేడియేటర్ మార్చాల్సింది బండికి గాదు, మా బావ తలకాయకి." అందరూ నవ్వారు. నేను విస్తరి ముందు నుంచి లేచి వచ్చాను. మరుసటి వారం మస్తాన్‌ను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లి, వచ్చి కారులో కూర్చో, నీ బంగారం ఏమిటో చూద్దువుగాని అన్నాను.

మస్తాన్ రేడియేటర్‌లో నీళ్లకు బదులు కొత్త కూలెంట్ పోశాడు. ఆకుపచ్చగా ఉంటుంది. రేపు మూత తీశావని ఎవరూ ఎవరినీ అనకుండా, తీస్తే తెలిసేలా దాని మీద ఎర్ర రంగు పూయించాను. ముగ్గురం పగలే బయలుదేరాం. ఎగుడు మొదలవగానే ముల్లు ఎక్కింది.

ఆపి చల్లారనిచ్చాం. మూత మీద రంగు చెదరలేదు. తీస్తే లోపల చుక్క లేదు. ప్రకాశ్ బండి కిందికి వంగి చూశాడు. నేల పొడిగా ఉంది. వాడు చేత్తో తడిమి కూడా చూశాడు.

నీడ కోసం పందిరి కిందికి వెళ్లిన మస్తాన్ అక్కడి నుంచే పిలిచాడు. "సార్, ఈడికి రాండి."

ఆ కుండ ఇంకా అక్కడే ఉంది. బండి ఆగినప్పుడల్లా చూసేవాడిని, లోపల సాలెగూడు తప్ప ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు అంచు దాకా ఆకుపచ్చ నీళ్లు ఉన్నాయి. మస్తాన్ రెండు వేళ్ల మధ్య రుద్ది, వాసన చూశాడు.

"ఇది మనం పోసిందే సార్."

నేను కుండ మీద చేయి పెట్టి వెంటనే తీసేశాను. నీడలో ఉన్న కుండ, పొయ్యి మీద నుంచి దించినట్టు కాలుతోంది.

"ఎవడో లారీవాడు పోసిపోయింటాడు లే బావా" అన్నాడు ప్రకాశ్.

"కాగిన కూలెంట్ తెచ్చి కుండకు పోసే లారీవాడు ఎవడప్పా?" అన్నాను.

వాడు కుండకు దూరంగా జరిగి, "నేను అమ్మినప్పుడు బండి బాగానే ఉన్నింది బావా, ఒట్టు" అన్నాడు. ఆ మాట నమ్మాను. నమ్మినట్టు వాడికి ఇంకా చెప్పలేదు.

మేకలు తాగితే చస్తాయని మస్తాన్ ఆ నీళ్లను ఒక గుంత తీసి పారబోసి పూడ్చాడు. కుండ పగలగొట్టాడు. క్యాన్‌లో తెచ్చిన నీళ్లు రేడియేటర్‌కు పోసుకుని ఇల్లు చేరాం.

సుశీల డాక్టరు చెప్పినట్టు రోజుకు ఇన్ని నీళ్లని చిన్న గ్లాసుతో కొలుచుకుని తాగే మనిషి. అంతా విని, "దప్పిక అంటే ఏందో నాకు తెలుసు. నింపుతానని ఆయమ్మతో అంటిరి కదా, నేను కార్లో నుంచి వింటి" అంది.

కుండ నింపుతానన్నాక సుశీల బతిమాలకుండానే కారెక్కింది. మళ్లీ అనంతపురం వెళ్లినప్పుడు కొత్త కుండ పెట్టి, క్యాన్‌తో మంచినీళ్లు నింపాను. ముల్లు కదల్లేదు. ఆ రోజు నుంచి పోయిన ప్రతిసారీ నింపుతున్నాను, డయాలసిస్ ఒక్కటీ తప్పలేదు. ఒకసారి మాత్రం, వానాకాలం కదా ఎవరు తాగుతారులే అని ఆపకుండా పోనిచ్చాను. ఎగుడు సగం ఎక్కేలోపే ముల్లు లేచింది. వెనక్కి వచ్చి నింపి పోయాను.

గొట్టాల్లో గాలి చిక్కుకుని ఉంటుంది సార్ అని మస్తాన్ ఇప్పుడు అంటున్నాడు. గాలి చిక్కుకుంటే కుండ ఎలా నిండుతుందో చెప్పడు. నాకూ తెలియదు. దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను.

కానీ నేను తీసుకున్నది ఒక్క కుండ. అదీ నా కోసం కాదు. ఇప్పటికి ఎన్ని కుండలు పోశానో చూడండి. ఇది అన్యాయమని చెప్పుకోవడానికి ఒక చోటు కూడా లేదు. క్యాన్ వంచుతూ ప్రతిసారీ పైకే అడుగుతాను, ఇంకా ఎన్ని కావాల నీకు అని. కారులో నుంచి సుశీల అంటుంది, "అంచు దాకా పోయండి."