తీగ లేకుండా పలికిన పోర్టు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నాన్న కిరాణా అంగట్లో పెరిగినవాణ్ణి. చేత్తో తడిమి, నాలుగు మాటలు బేరమాడితే గానీ కందిపప్పునే నమ్మను. అందుకే ఇది చెప్పడానికి కాస్త సిగ్గుగా ఉంది.

మేట్టుపాళయం పారిశ్రామిక ఎస్టేటులో మాకు సాంబారు పొడి పొట్లాలు కట్టే చిన్న షెడ్డు ఉంది. పొడి నింపే యంత్రం పాతది. కంప్యూటరుతో మాట్లాడటానికి దానికి సీరియల్ పోర్టు, అంటే తీగ గుచ్చే పాతకాలం సాకెట్టు, కావాలి. కొత్త కంప్యూటరుకు అది లేదు. యంత్రం కంట్రోలరే మార్చమన్నాడు తట్టాంచావడి మెకానిక్ సెల్వం. నేను బేరమాడి బేరమాడి గోడకు బిగించే చిన్న పెట్టె దాకా దించాను. యంత్రం తీగ ఆ పెట్టెకు, అక్కడి నుంచి ఇంకో తీగ కంప్యూటరుకు. కంప్యూటరు లోపల ఒక సాఫ్ట్‌వేరు, లేని పోర్టును ఉన్నట్టు చూపిస్తుంది. వర్చువల్ పోర్టు అంటారు.

"ఏందన్నా, లేని పోర్టుక్కూడా బేరమా?" అన్నాడు సెల్వం.

"లేనిదానికి నిండు రేటు ఇస్తే మా నాయన ఇంట్లోకి రానిస్తాడా?" అన్నాను.

గెలిచాననుకున్నాను. దాని జబ్బులు తర్వాత తెలిశాయి. కరెంటు రెప్పపాటు పోతే చాలు, తెర మీద పోర్టు తెరిచే ఉంటుంది, మాట మాత్రం యంత్రానికి చేరదు. కంప్యూటరు నిద్రపోయి లేస్తే పోర్టు నంబరే మారిపోతుంది. జవాబు కాస్త ఆలస్యమైతే యంత్రం అలిగి ఆగిపోతుంది.

ఇలా ఉండగా చెన్నై కంపెనీ ఆఫీసరు, మంచిరోజని, విజయదశమి ఉదయం షెడ్డు చూసి పొట్లాల ఆర్డరు తేల్చడానికి వస్తానన్నాడు. ఒకటే షరతు: ప్రతి పొట్లం బరువూ అప్పటికప్పుడు కంప్యూటరులో కనబడాలి. ఆ ఆర్డరు రాకపోతే షెడ్డు మూసి నేను మళ్ళీ నాన్న గల్లా పక్కన కూర్చోవాలి.

ముందురోజు ఆయుధపూజ. పనిముట్లకు విశ్రాంతి అంటూ మా చిన్నమ్మ ప్లగ్గులూ తీగలూ అన్నీ పీకేసింది.

"దానికైనా ఒక్క పూట సెలవియ్యరా. నీ మాదిరి అదీ పొద్దస్తమానం పరిగెత్తాల్నా?" అని అన్నిటికీ చందనం పెట్టి, గోడ పెట్టె మీద చామంతి దండ వేసింది.

మరునాడు ప్లగ్గులు మళ్ళీ పెట్టిందీ ఆమే. ఆఫీసరు చూస్తుండగా నేను చెమట తుడుచుకుని తెర మీద స్టార్టు నొక్కాను. యంత్రం కదిలింది. అంత చక్కగా అది ఎప్పుడూ నడవలేదు. ఆయన బరువు మార్చమన్నాడు. తెర మీద మార్చగానే యంత్రమూ మార్చుకుంది. తను తెచ్చుకున్న త్రాసు మీద పొట్లాలు పెట్టాడు. తెర అంకె, త్రాసు అంకె ఒకటే. నడుమ లైట్లు ఒకసారి రెప్పకొట్టాయి. నా గుండె ఆగింది గానీ పోర్టు ఆగలేదు. అక్కడే నా చెయ్యి పట్టుకుని ఆర్డరు ఖాయం చేశాడు.

ఆయన కారు గేటు దాటాక చిన్నమ్మ వాడిన దండ తీసి కేక పెట్టింది. "ఒరే, దీన్ని పెట్టేది మరిచినానేరా!"

పెట్టె ప్లగ్గు, రెండు తీగలూ దండ కింద విడిగా వేలాడుతున్నాయి.

సెల్వం వచ్చి వేరే తీగ ఉందేమోనని వెతికాడు, లేదు. ఆ పెట్టెకు వైఫై లేదు. పాత అంకెలే తెర మీద మిగిలాయనడానికీ లేదు, త్రాసు సాక్ష్యముంది. తీగలు అలాగే వదిలి నడిపి చూశాం, యంత్రం కదల్లేదు. తగిలించి నడిపాం, కాసేపటికి మామూలుగా అలిగింది.

"యాడ నుంచి వచ్చెనన్నా డేటా?"

"నన్నడుగుతావేంది? మెకానిక్కువి నువ్వు."

"తీగ ఉండే కేసుకే నేనన్నా. ఇది పూజారి కేసు."

మొదటి లోడు కట్టిన రోజు చిన్నమ్మ లారీ ముందు గుమ్మడికాయ పగలగొట్టింది. షెడ్డులో ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. నేను ఈల వేశాను. షెడ్డు ఇంకా మాదే. ఆ ఉదయం కంప్యూటరు మాట యంత్రానికి ఏ దారిన చేరిందో మాత్రం ఇప్పటికీ చెప్పలేను.