తారిఖ్‌కు మాటలొచ్చు

మల్లీశ్వరికి ఆ ఇంట్లో మంచి పేరు వచ్చిందంటే అది నోరు విప్పకపోవడం వల్లే. అరబ్బు దేశంలోని అల్ ఖౌద్ అనే ఊళ్లో ఆ వీధి ఆడవాళ్లు ఒకచోట చేరితే, తమ ఇళ్లలో పనిచేసేవాళ్లు ఫోన్లో ఎంతెంతసేపు వాగుతారో చెప్పుకుని తల పట్టుకునేవారు. "మా మల్లీకి మాటే తెలియదు" అని మామా గర్వంగా చెప్పేది. అక్కడ పనివాళ్లు యజమానురాలిని మామా, అంటే అమ్మా అనీ, యజమానిని బాబా అనీ పిలుస్తారు. ఆ మామా బ్యాంకులో ఉద్యోగం చేస్తుంది. వయసులో మల్లీశ్వరి కంటే చిన్నది. రాయచోటి దగ్గర పల్లె నుంచి వచ్చిన మల్లీశ్వరికి తనకంటే చిన్నదాన్ని అమ్మా అనడం మొదట్లో నవ్వు తెప్పించేది. తర్వాత అలవాటైపోయింది.

నిజానికి మల్లీశ్వరి పొద్దస్తమానం మాట్లాడుతూనే ఉండేది. మామా, బాబా కార్లెక్కి వెళ్లిపోయాక ఇంట్లో మిగిలేది తను, తారిఖ్. వాడు మెడ నిలవని పసికందుగా ఆమె చేతికి వచ్చాడు. వాడితో ఎలా మాట్లాడాలో మామా మొదటిరోజే ఆజ్ఞ ఇచ్చింది. అరబీలో మాట్లాడాలి, అది రాకపోతే ఇంగ్లీషులో, అదీ రాకపోతే మాట్లాడకూడదు. మల్లీశ్వరి అరబీ వంటింటి గడప దాటదు. ఇంగ్లీషు ఆ గడప దాకా కూడా రాలేదు. అంటే మూగగా ఉండాలన్నమాట. కానీ బట్టలు మడతపెడుతుంటే ఎదురుగా కూర్చుని బోసినోటితో నవ్వే పిల్లవాడి ముందు ఎవరు మూగగా ఉండగలరు? ఊళ్లో టమాటా రేటు పడిపోవడం దగ్గర్నుంచి ఆడబిడ్డ ఎత్తిపొడుపుల దాకా ఆమె అన్నీ వాడికే చెప్పుకుంది. ఇంటికి ఫోన్ చేస్తే తొమ్మిదో తరగతి చదివే సొంత కొడుకు "ఊ", "తింటి", "పెట్టేస్తాండా" అని ఫోన్ పెట్టేసేవాడు. వాడికి మాటల్లో ఏదో లోపముందని ఎవరూ ఏ డాక్టరుకూ చూపించలేదు.

చూపించాల్సిన అవసరం తారిఖ్‌కు వచ్చింది. నాలుగేళ్లు నిండినా వాడు తల్లితో నాలుగు ముక్కలు మాట్లాడడు. "నాన్న ఎక్కడ?" అని అరబీలో అడిగితే కిటికీ వైపు చూస్తాడు. ఒక్కోసారి తనలో తాను ఏదో గొణుక్కుంటాడు. అది ఏ భాషా కాదని మామా నమ్మకం. మామా ఇంట్లో ఉన్నంతసేపూ మల్లీశ్వరి పెదవి కదిపేది కాదు కాబట్టి, వాడు గొణిగినదానికి బదులు కూడా ఉండేది కాదు. మగపిల్లలకు మాట ఆలస్యంగా వస్తుందని బాబా తేలిగ్గా తీసుకున్నాడు. పక్కవాళ్ల కన్ను తగిలిందని నానమ్మ తేల్చింది. బడివాళ్లు మాత్రం పరీక్ష చేయించందే చేర్చుకోబోమన్నారు. మామా ఇంటర్నెట్‌లో వెతికి ఆటిజం అన్న మాట పట్టుకుంది. అప్పట్నుంచి వంటింట్లోకి వచ్చి ఫ్రిజ్ తలుపు తెరిచి పెట్టుకుని ఏడ్చేది.

"వాడికి మాటలొచ్చు మామా" అన్నది మల్లీశ్వరి నాలుక చివరిదాకా వచ్చేది. ఆ తర్వాత వచ్చే ప్రశ్న కూడా ఆమెకు తెలుసు. ఏ మాటలు? ఎవరు నేర్పారు? దాని వెనకాలే విమానం టికెట్ వస్తుంది. ఆమె ఫ్రిజ్ తలుపు మెల్లగా మూసి మంచినీళ్లు ఇచ్చేది. ఎంత మంచి మనిషి, ఒక్క మాట కూడా అనదు అని మామా మరింత మెచ్చుకునేది.

క్లినిక్ యూనివర్సిటీకి దగ్గర్లోనే ఉంది. పరీక్ష చేసే సైకాలజిస్టు పేరు సఫూరా. యాభై ఏళ్ల మనిషి, తొందర లేదు. తారిఖ్ మల్లీశ్వరి చెయ్యి వదలకపోవడంతో ఆమెను కూడా లోపలికి రమ్మంది. మామా మూలనున్న కుర్చీలో సంచీని ఒళ్లో బిగించి పట్టుకుని కూర్చుంది.

సఫూరా బొమ్మలు ఒక్కొక్కటే చూపిస్తూ అరబీలో "ఇదేంటి?" అని అడిగింది. కాకి బొమ్మ చూసి తారిఖ్ మల్లీశ్వరి వైపు తిరిగి "కాకి" అన్నాడు. ఆవును చూసి "ఆవు. పాలిస్తాది" అన్నాడు. బస్సును చూసి ఏమీ అనకుండా ముక్కు గోక్కున్నాడు. సఫూరా పెన్ను కాగితం మీద కదులుతూనే ఉంది. మామా ముఖం చిన్నబోతోంది. మల్లీశ్వరి తల దించుకుని తన చెప్పులు చూసుకుంటోంది. తను పెంచిన పిల్లవాడు ఒకదాని తర్వాత ఒకటి సరిగ్గా చెబుతుంటే విని కూడా సంతోషించలేని పరిస్థితి పగవాళ్లకు కూడా రాకూడదనుకుంది.

ఇంతలో తారిఖ్ "నీల్లు" అన్నాడు. మల్లీశ్వరి చెయ్యి దానంతటదే తన భుజానున్న సంచీలోకి వెళ్లి సీసా మూత తీసింది.

పెన్ను ఆగింది.

"అది ఏ భాష?" అని సఫూరా, పనివాళ్లతో మాట్లాడి అలవాటైన ఉర్దూలో, అడిగింది. ఊళ్లో పక్కింటివాళ్లు తురకలు కావడంతో మల్లీశ్వరికి ఆ భాష కాస్త వచ్చు.

"ఏది మేడం?"

"వాడు సీసా వైపు చూడలేదు. వేలు కూడా చూపించలేదు. నోటితో ఏదో అన్నాడు, మీరు మూత తీశారు."

"పిల్లోడు గదా మేడం. దప్పికైతాదని..."

"దప్పిక వాడికి ఇందాకట్నుంచీ ఉండొచ్చు. వాడు అడిగాకే మీరు ఇచ్చారు." సఫూరా ఒక గుడ్డబొమ్మ, చిన్న చెంచా తీసి పిల్లవాడి ముందు పెట్టింది. "మీ ఇద్దరికీ తెలిసిన భాషలో, ఈ బొమ్మకు అన్నం పెట్టమనండి."

మల్లీశ్వరి మామా వైపు చూసింది. మామా కూడా ఆమె వైపే చూస్తోంది. అబద్ధానికి దారి మిగల్లేదు.

"తారికూ, ఆ పాపకు రోంత బువ్వ పెట్టు నాయనా."

తారిఖ్ పెట్టడమే కాదు, బొమ్మను ఒళ్లో వేసుకుని గదమాయించడం మొదలుపెట్టాడు. "నోరు తెర్సు. ఏందే నీ యేశాలు? తినకుంటే బూచోడొస్తాడు. అంతా తినల్ల. పారేస్తే పాపం మ్మే!"

మామా కళ్లలో నీళ్లు తిరిగాయి. కొడుక్కి మాటలొచ్చినందుకు కొన్ని, ఆ మాటల్లో ఒక్కటీ తనకు అర్థం కానందుకు కొన్ని. "ఏమంటున్నాడు?" అని ఆమె తన పనిమనిషిని అడిగింది. నాలుగేళ్లలో ఆమె తనకు తెలియనిది మల్లీశ్వరిని అడగడం అదే మొదటిసారి.

ఆ రోజు మిగతా పరీక్షకు మల్లీశ్వరే దుబాసీ. ఆమెకు ధైర్యం వచ్చింది, ఆ ధైర్యం కొంచెం ఎక్కువే వచ్చింది. "గొడుగు దేనికి?" అని అడిగితే తారిఖ్ "తెల్దు" అన్నాడు. "వాన పడితే తల తడవకుండా పట్టుకుంటాం అంటున్నాడు మేడం" అని ఆమె చెప్పింది. "రాత్రి ఆకాశంలో ఏముంటాయి?" అంటే "తెల్దు పో" అన్నాడు. "చందమామ, చుక్కలు, విమానాలు" అని చెప్పింది.

సఫూరా కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "తెల్దు అంటే నాకు తెలియదు అనా అర్థం?"

మల్లీశ్వరి మెల్లగా తలాడించింది.

"మీకు వాడు పాస్ కావాలి. వాళ్లమ్మకు వాడికి జబ్బుందేమోనని భయం. నేను మీ ఇద్దర్నీ పక్కనపెట్టి వాణ్ని చూడాలి. నిన్నమొన్న పుట్టినవాడికి వాన గొడుగు తెలియకపోతే తప్పులేదు. ఈ ఊళ్లో వాన ఎన్నిసార్లు చూశాడు వాడు?"

కాస్సేపటికి మామాను, పిల్లవాణ్ని బయట ఆటస్థలంలోకి పంపి, మల్లీశ్వరిని కూర్చోమంది.

"ఆ ఇంట్లో మీరు ఇంకెవరితో మాట్లాడతారు?"

"ఎవరుండారు మేడం మాట్లాడేకి? వాడే."

సఫూరా ఏమీ రాసుకోలేదు. తనను కూడా పరీక్షిస్తున్నారని అప్పటికి మల్లీశ్వరికి అర్థమైంది. ఇందులో పాస్ అయిందో లేదో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మరో రెండు దఫాలు చూశాక సఫూరా తల్లిదండ్రులను కూర్చోబెట్టి చెప్పింది. ఆటిజం లక్షణాలేవీ లేవు. పిల్లవాడు కళ్లలోకి చూస్తాడు, ఆట కల్పిస్తాడు, బొమ్మను బెదిరిస్తాడు కూడా. మొదటి రోజు మార్కులు చూస్తే మాత్రం భయపడాల్సిందే. అవి వాడికి రాని భాషలో వచ్చిన మార్కులు.

"నా కొడుకు హిందీ మాట్లాడుతున్నాడా?" అన్నాడు బాబా.

"హిందీ కాదు. తెలుగు."

"అదెక్కడిది?" అని ఆయన మల్లీశ్వరి వైపు మొదటిసారి కుతూహలంగా చూశాడు.

ఆ రాత్రే మల్లీశ్వరి సూట్‌కేసు దించి దుమ్ము తుడిచింది. ఆ దుమ్ము అనవసరంగా తుడిచింది. ఉన్నపళంగా ఆ భాష ఆపితే పిల్లవాడికి ఉన్నది కూడా పోతుందని సఫూరా గట్టిగా చెప్పి పంపింది. పైగా, వాడికి కడుపునొప్పి వచ్చిందో కాలు నొప్పి వచ్చిందో తేల్చి చెప్పగలిగిన మనిషి ఇంట్లో ఆమె ఒక్కతే. ఏ తప్పుకు పంపించేస్తారని భయపడిందో, ఆ తప్పే ఆమె ఉద్యోగాన్ని గట్టి చేసింది.

మందు మాత్రం సఫూరా మామాకు రాసింది. రోజూ సాయంత్రం ఫోన్ అవతల పెట్టి, కొడుకుతో కింద కూర్చుని తన భాషలో మాట్లాడాలి. మొదటి వారం వాడు ఆమెను చుట్టం చూసినట్టు చూశాడు. ఆమె వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి "మల్లీ, 'యాడికి' అంటే ఏంటి?" అని అడిగేది. మల్లీశ్వరి అర్థం చెప్పి పంపేది. నెలలు గడిచేకొద్దీ ఆ పరుగులు తగ్గాయి, గదిలోంచి తల్లీకొడుకుల నవ్వులు వినిపించడం మొదలైంది. బడిలో చేరాక తారిఖ్ మల్లీశ్వరి అరబీని కూడా దిద్దసాగాడు. అలా జరగాలనే కదా అందరూ కోరుకున్నది, ఆమె కూడా కోరుకుంది. అయినా వాడు మొదటిసారి అరబీలో నీళ్లడిగిన రోజు ఆమెకు అన్నం సయించలేదు.

వీధిలో మాత్రం కథ ఇంకోరకంగా పాకింది. మల్లీ చేతిలో పెడితే మూగపిల్లలకు మాటలొస్తాయట! మూడో ఇంటావిడ తన మూడేళ్ల మనవరాల్ని ఎత్తుకొచ్చి మల్లీశ్వరి ముందు కూర్చోబెట్టింది. మల్లీశ్వరి చెంచా పెట్టి చూసింది, బొమ్మ పెట్టి చూసింది. పిలిచి చూసింది. ఆ పిల్ల పలకలేదు. సిగ్గో, మొండితనమో, ఇంకేదైనానో ఎంత చూసినా ఆమెకు అంతు చిక్కలేదు.

"నాకేం తెలియదు మామా, డాక్టర్ సఫూరాకే చూపించండి" అంది.

"ఆవిడ ఊరికే ప్రశ్నలడుగుతుంది. నువ్వే ఏదో ఒకటి మాట్లాడు" అని ఆవిడ పట్టుబట్టింది. మల్లీశ్వరి కాళ్లావేళ్లా పడితే గానీ క్లినిక్‌కు తీసుకెళ్లలేదు. సఫూరా ముందు చెవులు చూపించమంది. చెవిలో నీరు చేరి సగం వినిపించడం లేదని తేలింది. దానికి వైద్యం జరిగింది. కొన్నాళ్లకు పిల్ల మాట్లాడింది.

ఆ సాయంత్రం మూడో ఇంటావిడ పళ్లెం నిండా హల్వా పట్టుకుని నేరుగా మల్లీశ్వరి దగ్గరికే వచ్చింది. "అంతా నీ చేతి చలవ" అని పళ్లెం చేతిలో పెట్టి, నుదుటి మీద ముద్దుపెట్టింది. మల్లీశ్వరి కాదని చెప్పబోయింది. అంత పెద్ద సంగతి చెప్పడానికి తన అరబీ చాలదు కదా అని ఊరుకుని, తారిఖ్‌ను పిలిచి వాడికి హల్వా పెట్టి, తనూ పెట్టుకుంది.