మసక బొమ్మ

స్కానింగ్ గదిలో టెక్నీషియన్‌ది ఇరవై ఏళ్లుగా ఒకటే పాట: "కదలకండి, ఊపిరి బిగబట్టండి." చెబుతూ చెబుతూ తనూ బిగబట్టేస్తాడు, మధ్యాహ్నానికల్లా రోగులకంటే ఎక్కువగా అతడే ఆయాసపడుతుంటాడు. బొమ్మ కాస్త మసకబారిందా, ఆ బొమ్మలతో పరిశోధన చేసే పెద్ద సర్జన్ ఇంతెత్తున లేస్తారు.

"రోగి కదిలాడండీ" అంటే, "ఆడలేక మద్దెల ఓడన్నాట్ట! ఇంకొక్కటి ఇలా వస్తే వేరే మనిషిని చూసుకుంటా" అంటారు.

ఓరోజు, కదలకుండా ఎలా పడుకోవాలో చూపిస్తానంటూ సర్జనే యంత్రంలోకి దూరారు. దూరారన్నమాటే గానీ, లోపలినుంచి సలహాలు ఆపితే ఒట్టు. బయటికొచ్చి, తెరమీద తన కాలేయాన్ని చూసుకుని, "ఇదేంటయ్యా, మబ్బు పట్టినట్టుంది?" అన్నారు.

టెక్నీషియన్ ఇరవై ఏళ్లుగా బిగబట్టిన ఊపిరిని మెల్లగా వదిలి, ఎంతో మర్యాదగా చెప్పాడు: "రోగి కదిలారండీ."