పొట్టు సంచిలో రవ్వ

బగ్దల్ చర్చిలో ప్రసంగ వేదిక నా ఉలి పనే. భాల్కిలో నేను చెక్కని తలుపు అరుదు. నాకు తగ్గ కోడలు శాలిని. హైదరాబాద్‌లో విల్లాలు లేస్తున్న ఆ రోజుల్లో, వాటి కోసం బీదర్‌లోని మా కార్ఖానాలో కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ చెక్కుడు యంత్రంతో ప్రభు రాత్రి భోజన దృశ్యాన్ని టేకు మీద ముఖాలు ఉబికి వచ్చేలా చెక్కేది.

ఒక ఆదివారం యంత్రాన్ని నడుస్తుండగానే వదిలి ఆరాధనకు బయలుదేరాం. శాలిని గుమ్మంలో ఆగింది.

"మామా, మాడు వాసన వస్తాంది."

"ప్రభువు బొమ్మ చెక్కుతాంది. దానికేమైతది? నడువమ్మా."

"బొమ్మ ప్రభువుదే గానీ, పొట్టు పొట్టే కద మామా!"

యంత్రం ఆపి, చెక్కపొట్టు పీల్చే సంచి మీద చెయ్యి వేసి, వేడికి చటుక్కున వెనక్కి తీసుకుంది. చెక్కే మొండి బిట్టు రాపిడికి పుట్టిన రవ్వ లోపల రాజుకుంటోంది. సంచిని వాకిట్లోకి ఈడ్చేసరికి మంట లేచింది.

ఆరాధన మానేసి నీళ్లు పోస్తూనే ఉన్నాం. కట్టెతో కదిపితే అడుగున ఇంకా ఎర్రగానే ఉంది.