మేరీ అత్తయ్య వసూలు చేసిన సుంకం

ఎదురింటావిడ గులాబీ పువ్వులనే పిండివంట వండి గిన్నెలో పంపింది. ఆ గిన్నె ఖాళీగా ఎలా తిరిగివ్వాలా అని నాకు ఒకటే బెంగ.

వాటిలోని కొబ్బరిపాల వాసనకి మా చిన్నప్పటి బెజవాడ వన్‌టౌన్ గుర్తొచ్చింది. పసుపు విదేశాలకు పంపే కొట్లో గుమాస్తా అయిన నాన్న, "ఎగుమతి పెరగాలి, దిగుమతి తగ్గాలి. అప్పుడే దేశం బాగుపడుద్ది" అంటుండేవాడు.

ఓసారి అమ్మ ఆవకాయ పంపిన గిన్నెలోనే పక్కింటి మేరీ అత్తయ్య గులాబీ పువ్వులు తెచ్చింది.

"వద్దండీ, మేం దిగుమతి తగ్గించాం" అన్నాను.

ఆవిడ చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది.

"నీ దేశం తగలెయ్య! ఇక ఆవిడ మన గడప తొక్కుద్దా?" అని అమ్మ నన్ను ఆవిడింటికి తరిమింది.

"అత్తయ్యగారూ, దిగుమతి కావాలండీ" అన్నాను ఏడుస్తూ.

"మరి సుంకమో?" అని నవ్వి బుగ్గ చూపించింది. ముద్దుపెట్టాను.

ఆ రెండిళ్ల లెక్క ఎన్నడూ సరిపోలేదు. సరిపోతే రాకపోకలు ఆగిపోయేవి.

రేపు గిన్నెలో కాస్త ఆవకాయ పెట్టి మా పాపచేత పంపుతాను. సుంకం సంగతి అదే చూసుకుంటుంది.